స్వరపేటిక తీసే ముందే చిక్కుల లెక్క తేలాలి

గొంతు క్యాన్సర్ శస్త్రచికిత్స తరువాత తలెత్తే ముప్పును చాలావరకు ముందే అంచనా వేయవచ్చు. తీరప్రాంత రోగులకు ఆ అంచనా అందుతోందా అన్నదే ప్రశ్న

నెల్లూరు: స్వరపేటికను పూర్తిగా తొలగించే శస్త్రచికిత్స సవ్యంగా ముగుస్తుంది. రోగి కళ్లు తెరుస్తాడు. గండం గడిచిందని బంధువులు ఊరికి కబురు పంపుతారు. ఆ తరువాత ఆరో రోజో, ఎనిమిదో రోజో మెడ మీద కుట్ల వద్ద చర్మం ఎర్రబడుతుంది, కాస్త జ్వరం తగులుతుంది, కట్టు తడిసి దుర్వాసన వేస్తుంది. లోపల గ్రసనికి వేసిన కుట్లు ఊడి, మింగిన లాలాజలం మెడ చర్మం గుండా బయటికి కారడం మొదలవుతుంది. దీనినే వైద్యులు ఫిస్టులా అంటారు. పది రోజుల్లో ఇంటికి వెళ్లాల్సిన రోగి నెల, నెలన్నర ఆసుపత్రి మంచం మీదే ఉండిపోతాడు. ముక్కుగొట్టం తీయరు, నోటితో గంజి కూడా పోయరు. శస్త్రచికిత్స తరువాత మొదలుకావలసిన రేడియేషన్ వాయిదా పడుతుంది.

ఈ చిక్కు ఆకాశం నుంచి ఊడిపడేది కాదు. ఏ రోగికి వచ్చే అవకాశం ఎక్కువో, ఎవరికి తక్కువో కత్తి పట్టడానికి ముందే చాలావరకు చెప్పగల పరిజ్ఞానం వైద్యశాస్త్రానికి సమకూరి రెండు దశాబ్దాలు దాటింది. అందుకు కావలసినవి ఖరీదైన యంత్రాలు కావు. రెండు మూడు రక్తపరీక్షలు, రోగి పూర్వచరిత్ర, నిజాయతీగా వచ్చే నాలుగు సమాధానాలు. రామాయపట్నం నుంచి తూపిలిపాలెం వరకు పరచుకున్న తీరగ్రామాల రోగి విషయంలో ఆ నాలుగు సమాధానాలే దొరకడం కష్టమవుతోంది.

శస్త్రచికిత్స స్వరూపం ఇదీ

ప్రజల వాడుకలో 'గొంతు క్యాన్సర్' అన్న మాట నాలుక మొదలు నుంచి అన్నవాహిక దాకా దేనికైనా వర్తిస్తుంది. ఇక్కడ చర్చిస్తున్నది స్వరపేటికకు, దానిని ఆనుకొని ఉన్న గ్రసని దిగువ భాగానికి వచ్చే వ్యాధిని గురించి. వ్యాధి ముదిరి మృదులాస్థిని తొలుచుకుపోయినప్పుడు స్వరపేటికను పూర్తిగా తీసివేయడమే చాలా సందర్భాల్లో మిగిలిన దారి. వియన్నాలో థియోడర్ బిల్‌రోత్ అనే శస్త్రవైద్యుడు 1873లో తొలిసారి ఈ శస్త్రచికిత్స చేశారు. నూటయాభై ఏళ్లలో పద్ధతులు ఎంతో మెరుగుపడినా మౌలిక స్వరూపం మారలేదు. స్వరపేటికను తీసివేసి, శ్వాసనాళాన్ని మెడ దిగువన చర్మానికి కలిపి శాశ్వతంగా ఒక రంధ్రం ఏర్పరుస్తారు. ఆనాటి నుంచి రోగి ఊపిరి ఆ రంధ్రం గుండానే. ముక్కు, నోరు ఊపిరితిత్తులతో సంబంధం కోల్పోతాయి. తెరుచుకున్న గ్రసనిని తిరిగి గొట్టంలా కుట్టివేస్తారు. ఆ కుట్టు మానడం మీదే తరువాతి కథ అంతా ఆధారపడి ఉంటుంది.

ఆ కుట్టు పెట్టే పరీక్ష సామాన్యమైనది కాదు. మనిషి నోటిలో రోజుకు సుమారు లీటరు లాలాజలం ఊరుతుంది. నోటిలోని సూక్ష్మజీవులన్నీ అందులో ఉంటాయి. కుట్టు ఎక్కడ పలచబడితే అక్కడి నుంచి అది మెడలోకి దిగుతుంది. పక్కనే మెదడుకు రక్తాన్ని మోసుకుపోయే పెద్ద ధమని ఉంటుంది. లాలాజలంలో రోజుల తరబడి నానిన ధమని గోడ చిట్లితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఇది అరుదే. అయితే అంతకుముందు ఒకటి రెండు రోజులు కొద్దిపాటి రక్తం కనిపించి ఆగిపోవడం కద్దు. ఆ కొద్దిపాటి రక్తాన్ని 'పుండు కదా' అని తుడిచేసుకోవడమే ఘోరమైన పొరపాటు.

ఎవరికి ముప్పు ఎక్కువ?

మొదటి విడతలోనే శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో ఫిస్టులా సుమారుగా 10 నుంచి 20 శాతం మందికి వస్తుందని వివిధ దేశాల అనుభవం. అంతకుముందే రేడియేషన్ పొందినవారిలో అది గణనీయంగా పెరుగుతుంది. అమెరికాలో స్వరపేటికను కాపాడే చికిత్సలను పోల్చిన ప్రసిద్ధ పరిశీలనలో, చికిత్స విఫలమై చివరికి స్వరపేటిక తీయించుకోవలసి వచ్చిన 129 మంది ఫలితాలు 2003లో వెలువడ్డాయి. రేడియేషన్ ఒక్కటే పొందినవారిలో 15 శాతం మందికి, రేడియేషన్‌తోపాటే కీమో మందులు కూడా పొందినవారిలో 30 శాతం మందికి ఫిస్టులా ఏర్పడింది. రేడియేషన్ సోకిన కణజాలంలో సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. నీరందని మడిలో నాటిన నారు ఎలా వేళ్లూనదో, రక్తం అందని అంచులకు వేసిన కుట్టూ అలాగే పట్టదు.

అదివరకటి అధ్యయనాలను క్రోడీకరిస్తూ 2006లో వెలువడిన మరో అమెరికన్ సమీక్ష నాలుగు అంశాలను ముందుకు తెచ్చింది. శస్త్రచికిత్స అనంతరం రక్తంలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12.5 గ్రాముల కన్నా తగ్గి ఉండటం, అంతకుముందే ఊపిరి కోసం మెడలో ట్రాకియాస్టమీ రంధ్రం వేసి ఉండటం, రేడియేషన్ పొంది ఉండటం, రేడియేషన్ పొందిన మెడలో గ్రంథులను కూడా అదే శస్త్రచికిత్సలో తొలగించడం. తరువాతి సంవత్సరాల్లో రక్తంలోని ఆల్బుమిన్ అనే మాంసకృత్తు 3.5 గ్రాముల కన్నా తగ్గడం, థైరాయిడ్ లోపం, అదుపులో లేని మధుమేహం కూడా ఈ పట్టికలో చేరాయి.

ఈ పట్టికను నెల్లూరు తీరానికి అన్వయించి చూస్తే అసలు విషయం బోధపడుతుంది. మన రోగుల్లో పలువురు ఆసుపత్రికి చేరేది గొంతు బొంగురుపోయిన మొదటి నెలలో కాదు. రాత్రిపూట ఊపిరి ఆడక, ఈలవేసినట్లు శబ్దం వస్తుండగా. అటువంటి స్థితిలో ముందు ప్రాణం నిలపాలి కనుక ట్రాకియాస్టమీ రంధ్రం వేయక తప్పదు. అంటే ఆలస్యంగా రావడంతోనే ముప్పు పట్టికలోని ఒక అంశం రోగి ఖాతాలో పడిపోతున్నది. నెలల తరబడి ముద్ద దిగక గంజినీళ్లతో నెట్టుకొచ్చిన మనిషికి హిమోగ్లోబిన్, ఆల్బుమిన్ తగ్గి ఉండటం సహజం; మరో అంశం చేరింది. దేశంలో 15 - 49 ఏళ్ల పురుషుల్లో ప్రతి నలుగురిలో ఒకరికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అది ఏ జబ్బూ లేని ఇళ్లను కలుపుకొని చేసిన లెక్క. పాశ్చాత్య దేశాల లెక్కలను మక్కికి మక్కి దించుకుంటే మన రోగి ముప్పు తక్కువగా కనిపించే ప్రమాదం ఉంది.

ఇంటిపరువు దాచే నిజం

అంచనాకు కావలసిన సమాచారంలో అతి ముఖ్యమైనది ఏ పరీక్షలోనూ తేలదు. అది మద్యం అలవాటు. స్వరపేటిక క్యాన్సర్‌కు పొగాకు ప్రధాన కారణం. దానికి మద్యం తోడైతే ముప్పు కూడిక లెక్కన కాక హెచ్చింపు లెక్కన పెరుగుతుంది. నెల్లూరు జిల్లాకు ఈ రెండింటితోనూ చుట్టరికం పాతదే. కలిగిరి, డీసీపల్లి పొగాకు వేలం కేంద్రాలు మెట్ట ప్రాంత రైతుకు జీవనాధారం. అదే కలిగిరి మండలంలోని దూబగుంట నుంచి మహిళలు లేవదీసిన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో రాష్ట్రమంతటా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికి బాటవేసింది. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. దుకాణం మళ్లీ వచ్చింది; అయితే ఆ ఉద్యమం నేర్పిన సిగ్గు కొంత మిగిలే ఉంది. తాగుడు సంగతి బయటివాళ్ల ముందు ఒప్పుకోవడం ఇంటిపరువుకు సంబంధించిన విషయమైంది.

ఫలితంగా వైద్యుడు 'మందు అలవాటు ఉందా?' అని అడిగితే భార్య తల దించుకుంటుంది, కుమారుడు 'ఎప్పుడో పండగకు పబ్బానికి' అంటాడు. రోజూ తాగే మనిషికి శస్త్రచికిత్స పేరుతో ఒక్కసారిగా మద్యం ఆగిపోతే రెండో రోజు, మూడో రోజు చేతులు వణకడం, చెమటలు, భ్రమలు, చివరికి మతిస్థిమితం తప్పడం జరుగుతాయి. అసలే మాట లేదు; తనకేమవుతోందో చెప్పలేడు. ఆ కలవరంలో ముక్కుగొట్టం పీకేసుకుంటాడు, మెడ విసిరి కుట్ల మీద బలం పడేలా పెనుగులాడుతాడు. వార్డులో దీనిని గాలి సోకడమనో, మత్తు దిగకపోవడమనో బంధువులు భ్రమపడతారు. వారం ముందే నిజం తెలిస్తే మందులతో దీనిని పూర్తిగా అదుపులో ఉంచవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన పది ప్రశ్నల పత్రం ఇందుకు ఉంది. దానిని చదివించి టిక్కులు పెట్టించడం కన్నా, కుటుంబసభ్యులను పక్కకు పంపి రోగితో విడిగా, మందలించే స్వరం లేకుండా మాట్లాడటమే మన ప్రాంతంలో పనిచేసే పద్ధతి. దానికి ఖర్చయ్యేది పావుగంట.

చుట్ట, బీడీల విషయంలో ఇంత దాపరికం ఉండదు. శస్త్రచికిత్సకు కొన్ని వారాల ముందే మానినవారికి ఊపిరితిత్తుల ఇబ్బందులు, గాయం మానకపోవడం తగ్గుతాయి. వ్యాధి నిర్ధారణ అయిన రోజునే మానితే చాలావరకు ఆ వ్యవధి దొరుకుతుంది.

హెచ్చరిక గుర్తు వంటిదే

అంచనా అంటే జోస్యం కాదు. నూటికి ముప్పై మందికి చిక్కు వస్తుందంటే డెబ్బై మందికి రాదనే అర్థం. ఈ మంచం మీది మనిషి ముప్పైలో వాడో డెబ్బైలో వాడో ఏ లెక్కా చెప్పదు. వైద్యుడు ఈ మాట చెప్పగానే 'అయితే బతకడా?' అని అడిగే బంధువులు ఎందరో. నిజానికి ఈ భాష తీరప్రజలకు కొత్తది కాదు. కృష్ణపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక ఎగురవేసినంత మాత్రాన తుపాను తమ ఊరి మీదే పడుతుందని మత్స్యకారులు అనుకోరు. అయినా పడవలను ఒడ్డుకు లాగుతారు, వలలు ఇళ్లకు చేరుస్తారు. తుపాను ఒంగోలు వైపు మళ్లితే హెచ్చరిక అబద్ధమని తిట్టుకోరు. శస్త్రచికిత్సకు ముందు కట్టే ముప్పు లెక్కను కూడా అలా వివరించగలిగితే సగం భయం తొలగుతుంది.

పడవ లాగినట్లే ఇక్కడా చేయగల పనులు ఉన్నాయి కనుకనే అంచనాకు విలువ. రక్తహీనతను సరిచేయవచ్చు. గొంతు దిగని రోగికి నిర్ధారణ అయిన నాడే ముక్కుగొట్టం వేసి గుడ్డు, పాలు, రాగిజావ, పప్పుకట్టు వంటి బలవర్ధక ద్రవాహారం రెండు వారాలు అందించవచ్చు. క్యాన్సర్ కనుక అంతకుమించి కాలయాపన తగదు. థైరాయిడ్ పరీక్ష చవకైనది, లోపానికి మాత్ర అంతకన్నా చవకైనది. రేడియేషన్ పొందిన మెడ విషయంలో దీనిని మరవడం క్షమించరానిది. ముప్పు మరీ ఎక్కువగా ఉందనుకున్న రోగికి ఛాతీ కండరాన్ని రక్తనాళాలతో సహా పైకి తిప్పి గ్రసని కుట్టు మీద కప్పుతారు. రేడియేషన్ తరువాత శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో ఇలా బయటి నుంచి తెచ్చిన కండరాన్ని వాడితే ఫిస్టులా ముప్పు దాదాపు మూడో వంతు తగ్గుతుందని 2014లో వెలువడిన సమీక్ష తేల్చింది. అయితే అందుకు అదనపు సమయం, నైపుణ్యం కావాలి, ఛాతీ మీద మరో గాయం అవుతుంది. అందరికీ చేయాల్సిన పని కాదు. ఎవరికి చేయాలో ముందే తేల్చుకోవడానికే ఈ లెక్క.

శస్త్రచికిత్స జరిగాక కూడా అంచనా ఆగదు. మొదటి రెండు రోజుల్లోనే జ్వరం రావడం, తరువాత రక్తంలో వాపు సూచికలు తగ్గవలసింది పోయి పెరగడం, మెడలో అమర్చిన గొట్టం నుంచి వచ్చే ద్రవం రంగు మారడం తొలి హెచ్చరికలు. నోటితో ఆహారం మొదలుపెట్టే ముందు రంగు ద్రవం మింగించి ఎక్స్‌రే తీసి కుట్టు నిలిచిందో లేదో చూడటం అనేక ఆసుపత్రుల్లో ఆనవాయితీ.

మొదటి నిర్ణయంలోనే మెలిక

శస్త్రచికిత్స చిక్కుల లెక్క నిజానికి శస్త్రచికిత్స ఊసే లేని రోజున మొదలు కావాలి. మాట పోతుందంటే ఎవరికైనా భయమే. స్వరపేటికను తీయకుండా రేడియేషన్, కీమోలతో నయం చేసే మార్గం ఉందని 1991లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో జరిగిన పరిశీలన నిరూపించింది. ఆ మార్గం ఎంచుకున్నవారిలో 64 శాతం మందికి స్వరపేటిక దక్కింది. అది గొప్ప విజయమే. మిగిలినవారి సంగతి ఏమిటన్నది రెండో ప్రశ్న. వారిలో శస్త్రచికిత్స అవసరమైనవారు రేడియేషన్ సోకిన మెడతో బల్ల ఎక్కవలసి వచ్చింది.

పూర్తి స్థాయి రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజుల చొప్పున దాదాపు ఏడు వారాలు. మధ్యలో ఆపితే ప్రయోజనం తగ్గుతుంది. ఇస్కపల్లి నుంచో, ఊటుకూరు నుంచో చికిత్స కేంద్రానికి వెళ్లే మనిషికి ఏడు వారాల బస, తోడు మనిషి, ఆగిపోయిన వేట ఆదాయం అన్నీ లెక్కే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధ కాలంలో ఎలాగూ ఖాళీయే కనుక అప్పుడు చూసుకుందామని వాయిదా వేస్తే వ్యాధి ఆగదు. రేడియేషన్ సగంలో మానేసిన రోగికి రెండు విధాలా నష్టం: వ్యాధి పోదు, మెడ మాత్రం రేడియేషన్ సోకినదై మిగులుతుంది. కాబట్టి ఈ రోగి ఏడు వారాలు నిలకడగా రాగలడా అన్నది కూడా వైద్యపరమైన ప్రశ్నే. దానిని పరిపాలనా సమస్యగా కొట్టిపారేయడం తగదు.

జిల్లాలో సదుపాయాలు ఇరవై ఏళ్లనాటి కన్నా మెరుగయ్యాయనడంలో సందేహం లేదు. ప్రభుత్వ వైద్య కళాశాల 2014లో వచ్చింది. రెడ్‌క్రాస్ ఆధ్వర్యంలో క్యాన్సర్ ఆసుపత్రి నెల్లూరులో నడుస్తోంది. తిరుపతిలో టాటా ట్రస్టుల చేయూతతో నిర్మించిన క్యాన్సర్ ఆసుపత్రి 2022లో ప్రారంభమైంది. అయినా ముదిరిన కేసు అనగానే అడయారు పేరు చెప్పుకొనే అలవాటు ఈ జిల్లాకు తరతరాలది. 1954లో ముత్తులక్ష్మీరెడ్డి స్థాపించిన ఆ సంస్థ మీద నమ్మకం అటువంటిది. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్ల పైచిలుకు. దూరం ఒక ఎత్తయితే, నిరంతరత మరో ఎత్తు. ఒకచోట రేడియేషన్, మరోచోట శస్త్రచికిత్స, ఇంకొకచోట కట్లు మార్పించుకోవడంతో ముప్పు లెక్కకు కావలసిన కాగితాలన్నీ ఏ ఒక్క వైద్యుడి ముందూ ఉండవు.

ప్యాకేజీలో ఎవరి లెక్క వారిదే

ఇక డబ్బు సంగతి. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలై, పేర్లు మారుతూ నేడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకం లేకపోతే తీరగ్రామాల రోగికి ఇంత పెద్ద శస్త్రచికిత్స కలలోని మాట. కుటుంబానికి పరిమితి 2023 డిసెంబరులో రూ.25 లక్షలకు పెరిగింది. రూ.2.5 లక్షల వరకు బీమా సంస్థల ద్వారా, ఆపై ట్రస్టు ద్వారా చెల్లించే మిశ్రమ విధానానికి 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

పథకంలో ప్రతి శస్త్రచికిత్సకూ ఒక నిర్ణీత ప్యాకేజీ ఉంటుంది. డిశ్చార్జి తరువాత పది రోజుల మందులు, 30 రోజుల్లోపు తలెత్తే చిక్కుల చికిత్స అందులో భాగమే. కాగితం మీద ఇది రోగికి రక్షణే. ఆసుపత్రి వైపు నుంచి చూస్తే లెక్క వేరు. ఫిస్టులా వచ్చిన రోగి నలభై రోజులు మంచం ఆక్రమిస్తే ఆ భారం ఆసుపత్రిది. పది రోజుల్లో ఇంటికి పోయే రోగికీ దాదాపు అదే ప్యాకేజీ. అటువంటి ఏర్పాటులో ముప్పు లెక్క రోగికి మేలు చేసే సాధనంగా ఉండవలసింది, రోగిని వడపోసే జల్లెడగా మారే ప్రమాదం ఉంది. హిమోగ్లోబిన్ తొమ్మిది, పాత రేడియేషన్, మెడలో గొట్టం - ఇన్ని ఉన్న మనిషికి 'మా దగ్గర పడకలు లేవు, పై ఆసుపత్రికి వెళ్లండి' అన్న మాట సులువుగా వస్తుంది. బీమా సంస్థ రంగప్రవేశం చేసినప్పుడు ఈ ప్రలోభం తగ్గుతుందని అనుకోవడానికి ఆధారమేమీ లేదు. ముప్పు ఎక్కువ ఉన్న రోగిని చేర్చుకున్న ఆసుపత్రికి ఆ మేరకు అదనంగా చెల్లించడం, చేర్చుకోని సందర్భాన్ని కారణంతో సహా నమోదు చేయించడం - ఈ రెండూ లేకుండా అంచనా పద్ధతిని తప్పనిసరి చేస్తే నష్టపోయేది అందరికన్నా బలహీనుడే.

మరో లోటు కాలానికి సంబంధించినది. ఫిస్టులా మొదటి రెండు వారాల చిక్కు. గ్రసని సన్నబడి ముద్ద దిగకపోవడం, మెడ రంధ్రం కుచించుకుపోవడం, థైరాయిడ్ లోపం బయటపడటం నెలల తరువాతివి. ముప్పై రోజుల గడువు వీటికి చాలదు. తీరంలో గణనీయ సంఖ్యలో ఉన్న యానాది కుటుంబాల్లో ఆధార్, రేషన్ కార్డులు లేక పథకాల దరి చేరనివారి సమస్య అధికారులకు తెలియనిది కాదు. వారికి ఆ ముప్పై రోజులు కూడా లేనట్లే.

మాట లేని మనిషి, సముద్రం

పాశ్చాత్య పట్టికల్లో ఎక్కడా కనిపించని ముప్పులు రెండు ఈ తీరానికి ప్రత్యేకం. మొదటిది చదువు. స్వరపేటిక పోయిన తొలి వారాల్లో రోగి పలక మీద రాసి తన బాధ చెప్పుకోవాలి. అక్షరం రాని మత్స్యకారుడు ఊపిరి బిగుస్తోందని, మెడలో పోటు వస్తోందని ఎలా చెప్పాలి? గొట్టం, నొప్పి, దాహం, ఊపిరి, రక్తం వంటి పది బొమ్మలున్న అట్ట ముక్క ఒకటి శస్త్రచికిత్సకు ముందే చేతికిచ్చి అలవాటు చేస్తే ఎన్నో చిక్కులు తొలిగంటలోనే బయటపడతాయి. డిశ్చార్జి పత్రం ఆంగ్లంలో ఉంటే ఊళ్లోని ఆరోగ్య కార్యకర్తకైనా అది సగమే ఉపయోగం.

రెండోది నీరు. మెడ రంధ్రంతో ఊపిరి తీసే మనిషికి మోకాలి లోతు నీళ్లలో బోర్లా పడినా ప్రమాదమే. నోరు మూసుకున్నా లాభం లేదు, నీరు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పడవ తోయడం, అలల్లో దిగి వల లాగడం వంటి పనులు అతనికి ఇక మూసుకున్న దారులే. ఈ సంగతి శస్త్రచికిత్సకు ముందు ఎంతమందికి చెబుతున్నారు? ప్రాణం దక్కి జీవనం పోవడం కూడా చిక్కుల జాబితాలోనిదే. రొయ్యల గుంటల మీద కాపలా, వలలు అల్లడం, చేపల అమ్మకం లెక్కలు వంటి ఒడ్డు పనుల వైపు మళ్లేందుకు కుటుంబానికి కొన్ని నెలల వ్యవధి కావాలి. శస్త్రచికిత్స అనంతర భృతిగా రోజుకు రూ.225, నెలకు గరిష్ఠంగా రూ.5 వేలు ఇచ్చే ఆరోగ్య ఆసరా 2019 డిసెంబరులో మొదలైనప్పుడు దాని వెనుక ఉన్న తర్కం ఇదే.

వానాకాలం మరో కోణం. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు వద్ద రైలుమార్గం, కోవూరు పరిసరాల్లో జాతీయ రహదారి తెగి రాకపోకలు స్తంభించాయి. కుట్టు ఊడిన రోగి ఆ రోజుల్లో చెన్నైకి వెళ్లగలిగేవాడు కాదు. తుపానుల నెలల్లో శస్త్రచికిత్స జరిగిన రోగిని త్వరగా ఇంటికి పంపే ముందు అతని ఊరి దారి ఏమిటని అడగడం అతిశయోక్తి కాదు.

మాట తిరిగి తెచ్చుకునే మార్గాలు ఉన్నాయి. శ్వాసనాళానికి, అన్నవాహికకు మధ్య అమర్చే చిన్న కవాటం అందులో మేలైనది. విదేశీ కవాటం ఖరీదు వేలల్లో ఉంటుంది, కొన్ని నెలలకొకసారి మార్చాలి. బెంగళూరుకు చెందిన డాక్టర్ విశాల్‌రావు బృందం 2015లో రూ.50 ఖరీదుతో ఓం పేరిట ఒక కవాటాన్ని రూపొందించి దేశం దృష్టిని ఆకర్షించింది. కవాటం చుట్టూ నీరు కారి దగ్గు వచ్చినప్పుడు చూపించుకోవడానికి దగ్గరలో ఎవరున్నారన్నది, అమర్చే ముందే తేలవలసిన మరో లెక్క.

గ్రామస్థాయిలో జరగవలసినది

రాష్ట్రంలో 2024 నవంబరు నుంచి ఇంటింటా జరిపిన క్యాన్సర్ పరీక్షల కార్యక్రమం నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ఉద్దేశించినది. స్వరపేటిక టార్చిలైటుకు కనిపించే చోట లేదు. అందువల్ల నోరు చూసి 'ఏమీ లేదు' అన్న మాట గొంతుకు వర్తించదు. మూడు వారాలు దాటిన బొంగురు గొంతు, మింగుతుంటే చెవిలోకి పోటు, మెడలో గడ్డ - ఈ మూడు ప్రశ్నలను అదే కార్యకర్త అదే గడపలో అడగవచ్చు. గొట్టం వేయవలసిన స్థితికి ముందే వచ్చిన రోగికి ముప్పు పట్టికలో ఒక గీత తగ్గినట్లే, వ్యాధి తొలి దశలో ఉంటే స్వరపేటికే దక్కవచ్చు.

2005 ఆగస్టులో మొదలైన 108 అంబులెన్సు సేవకు ఈ తీరం ఎంతో రుణపడి ఉంది. అయితే మెడ రంధ్రంతో ఊపిరి తీసే మనిషి స్పృహ తప్పితే ప్రాణవాయువు ముసుగును ముక్కు మీద పెడితే ప్రయోజనం శూన్యం. మెడ రంధ్రం మీదే పెట్టాలి. కృత్రిమ శ్వాస ఇచ్చినా అక్కడి నుంచే. ఈ ఒక్క విషయాన్ని సిబ్బంది శిక్షణలో తిరిగి తిరిగి చెప్పడంతోపాటు, డిశ్చార్జి అయిన ప్రతి రోగి జేబులో 'నేను మెడతో ఊపిరి తీస్తాను' అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిన కార్డు ఉంచాలి. మెడ వాపు, జ్వరం, కట్టు మీద లాలాజలం, ఏ మాత్రం రక్తం కనిపించినా ఏ నంబరుకు చేయాలో ఆ కార్డు వెనుక ఉండాలి. ఆ ఫోను చేయవలసింది రోగి కాదు, పక్కింటివారు కావచ్చు. కాబట్టి కార్డు గురించి తెలియవలసింది కూడా వారికే.